బెజవాడ వీధుల నుంచి దివిసీమ దాకా: అపరిచితుల కోసం ప్రార్థన

వీధి సువార్తలో చెప్పడం ఒక పని, ప్రార్థించడం మరో పని. కూడలిలో కంజిర మోగించి, పాట పాడి, నలుగురూ చేరాక వాక్యం చెప్పి కరపత్రాలు పంచడం మొదటిది. రెండోది అంత చప్పుడు లేనిది. ఇంటి అరుగు మీదో, బస్టాండు బెంచీ మీదో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించి, పేరు అడిగి, ఇంట్లో బాధేమిటో విని, సరేనంటే అక్కడికక్కడే ఆ మనిషి కోసం దేవుణ్ణి వేడుకోవడం. విజయవాడకు, కృష్ణా డెల్టాకు సువార్త యాత్ర మీద వచ్చే బృందాలకు ఇప్పుడు ఎక్కువ పొద్దు ఈ రెండో పనిలోనే గడుస్తుంది. మైకు పట్టుకున్నవాడికి వినేవాళ్లు కావాలి. ప్రార్థనలో మొదట వినాల్సింది వచ్చినవాడే. డెల్టాలో వీధి సువార్తకు దాదాపు నూట ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో నిలిచిన ఘట్టాలు చాలావరకు ఎవరో ఒకరు విన్నప్పుడు జరిగినవే.

యాత్రల కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండ తగ్గి ఉంటుంది, క్రిస్మస్ కూడికలు ఉంటాయి, పొలం పని ముగిశాక సాయంత్రం జనం ఇళ్ల దగ్గర దొరుకుతారు. కేరళ, తమిళనాడు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు, అమెరికా, కొరియాల నుంచి వచ్చేవాళ్లు, విదేశాల్లో స్థిరపడి సెలవుల్లో తమ సంఘంవాళ్లను వెంటబెట్టుకొచ్చే తెలుగువాళ్లు, అందరూ దిగేది విజయవాడ జంక్షన్‌లోనో గన్నవరం విమానాశ్రయంలోనో. మద్రాసు, హైదరాబాదు, విశాఖ దారులు కలిసే ఊరు కాబట్టి ఇది మొదటినుంచీ బాటసారుల ఊరే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడినుంచి కాలువలు డెల్టాలోకి పాకాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నేటికీ ఊరి మధ్యగా పోతున్నాయి. రోడ్లు సరిగా లేని రోజుల్లో మిషనరీలు పల్లెలకు వెళ్లింది ఈ కాలువల మీద పడవల్లోనే. ఇప్పుడు అవే గట్ల మీద బృందాన్ని ఎక్కించుకున్న టెంపో ట్రావెలర్ పోతుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఎవరి ఇంటి ముందు ఆగాలి అనేది స్థానిక పాస్టరు, అంటే సంఘంవాళ్లు పిలిచే అయ్యగారు, నిర్ణయిస్తారు. అనుభవం ఉన్న అయ్యగారైతే బయల్దేరేముందే నాలుగు మాటలు చెబుతారు. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లే వెళ్లాలి. ఒంటరిగా ఎవరూ తిరగకూడదు. అడగకుండా తలమీద చేయి వేయకూడదు. గుడి మెట్ల దగ్గర, మసీదు గుమ్మంలో కరపత్రం ఇవ్వకూడదు. చేతిలో డబ్బు పెట్టకూడదు. ఈ చివరి మాటను కొత్తవాళ్లు తరచు మరచిపోతారు. వాళ్లు జాలిపడి ఇచ్చిన అయిదొందల నోటుకు ఆ వీధిలో అయ్యగారు ఏడాది పొడుగునా సమాధానం చెప్పుకోవాలి. డబ్బులిచ్చి మతంలో కలుపుతున్నారన్న మాట ఎప్పుడెప్పుడా అని పొంచి ఉంటుంది మరి.

విజయవాడలో ఇలాంటి ప్రార్థనలకు ఎక్కువగా తావిచ్చే చోటు ప్రభుత్వ ఆసుపత్రి గేటు బయట. డెల్టా పల్లెల నుంచి రోగిని తెచ్చి, లోపల ఒక్కరిని ఉంచి, మిగిలినవాళ్లు గోడ పక్కన చాప పరుచుకుని ఉంటారు. వాళ్లకు పొద్దు గడవదు, భయం తగ్గదు. ఎవరైనా వచ్చి “ఏమ్మా, ఎవరికి బాగాలేదు?” అని అడిగితే చాలు, కథంతా చెబుతారు. వార్డుల్లోకి వెళ్లి ప్రార్థించాలంటే అనుమతి కావాలి, సాధారణంగా దొరకదు. దొరక్కపోవడమే మంచిదని కూడా అనవచ్చు. మంచాన పడి ఉన్నవాడికి లేచి పోయే వీలు లేదు కాబట్టి వద్దనే వీలూ లేదు. గేటు బయట ఉన్నవాళ్లు మాత్రం ఇష్టం లేకపోతే మొహం తిప్పుకోగలరు.

పండిట్ నెహ్రూ బస్టాండులో పని వేరుగా ఉంటుంది. అక్కడ జనం ఎక్కువ, తీరిక తక్కువ. అవనిగడ్డ బస్సు ఎక్కబోయే మనిషి కరపత్రం తీసుకుంటాడు, ప్రార్థన అంటే మాత్రం “టైమైపోయిందండి” అంటాడు. కాళేశ్వరరావు మార్కెట్టు పొద్దున పూట ఇంకా కష్టం, బేరాల మధ్య దేవుడి మాట ఎవరి చెవినీ పడదు. కృష్ణలంక, సింగ్‌నగర్ వంటి పేటల్లో ఇంటింటికీ తిరిగితేనే సంభాషణ సాగుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి రికార్డుకెక్కింది. అలాంటి వీధిలో ప్రార్థన అవసరతలు అడిగితే పాడైన ఫ్రిజ్జు, తడిసిపోయిన పిల్లల సర్టిఫికెట్లు, తిరగని ఆటో ఇంజను గురించి చెబుతారు. పరలోకం గురించి మాట్లాడాలని వచ్చిన బృందం ఆటో ఇంజను కోసం ప్రార్థించాల్సి వస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ ఇంటి రాబడి ఆ ఇంజనులోనే ఉంది.

వీధిలో జనం అడిగే ప్రార్థనలు కొంతసేపు వింటే ఒక తీరు కనిపిస్తుంది. కొడుకు తాగుడు, కూతురికి కుదరని సంబంధం, పెళ్లయి నాలుగేళ్లయినా నిలవని కడుపు, షుగరు, మోకాళ్ల నొప్పులు, కౌలుకు చేసిన పొలం మునిగిపోయి మిగిలిన అప్పు, గల్ఫు వెళ్లి ఫోను చేయని భర్త, కానిస్టేబులు పరీక్ష. పాపక్షమాపణ కోసం ప్రార్థించమని అడిగేవాళ్లు అరుదు. సువార్త బోధలో అది మొదటి మాట. వినేవాడి జీవితంలో మొదటి మాట వేరే ఉంటుంది.

అపరిచితుడు వచ్చి దేవుడి పేరు చెప్పి దీవిస్తానంటే బెజవాడలో తెల్లబోయేవాళ్లు తక్కువ. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మకు మొక్కిన ఇల్లాలే పిల్లవాడికి దిష్టి తగిలిందని దర్గాలో తాయెత్తు కట్టిస్తుంది, జ్వరం తగ్గకపోతే గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగిస్తుంది. గుణదల మరియమాత క్షేత్రం ఈ అలవాటుకు పెద్ద సాక్ష్యం. 1920లలో అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమాన్ని చూసుకుంటున్న ఇటలీ గురువు ఆర్లాటి కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. వాళ్లలో హిందువుల సంఖ్య తక్కువేమీ కాదు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, మొక్కుకున్న చీర పెడతారు. ప్రొటెస్టెంటు బృందాలు దీన్ని చూసి నొసలు చిట్లిస్తాయి. కాని వాళ్ల ప్రార్థనను వీధిలో కాదనకుండా స్వీకరించేది కూడా ఈ మనసే.

ఇక్కడే బయటివాళ్లు తరచు తప్పటడుగు వేస్తారు. చెంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, చివర ఆమేన్ అన్న మనిషిని చూసి ఒక ఆత్మ రక్షణ పొందిందని ఆ రాత్రి రిపోర్టులో రాస్తారు. ఆ ఇల్లాలి దృష్టిలో జరిగింది వేరు. పెద్దలు, దేవుడి మనుషులు ఎవరొచ్చినా దీవెన తీసుకోవడం మర్యాద. కాదనడం ఇంటికి మంచిది కాదు. ఆమె దీవెన తీసుకుంది, దేవుణ్ణి మార్చుకోలేదు. స్థానిక అయ్యగారికి ఈ సంగతి బాగా తెలుసు. రిపోర్టు చదివే దూరదేశపు సంఘానికి తెలియదు. చందాలు ఆ రిపోర్టుల మీదనే వస్తాయి కాబట్టి తెలియజేసే తొందర కూడా ఎవరికీ ఉండదు.

బెజవాడ క్రైస్తవ చరిత్రలో అందరూ చెప్పుకునే మనిషి పాగోలు వెంకయ్య. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు. మిషను చరిత్రలు చెప్పే కథ ప్రకారం, రాతి బొమ్మల్లో దేవుడు లేడని ఎవరో అనగా విని, మరి ఉన్నవాడెవరో తనకు కనపడమని పేరు తెలియని దేవుణ్ణి ఏళ్ల తరబడి వేడుకున్నాడు. కృష్ణ స్నానానికి బెజవాడ వచ్చినప్పుడు అక్కడి బ్రాహ్మణుడొకడు, నీ ప్రశ్నకు జవాబు ఆ కొండ మీది తెల్లదొర చెబుతాడని చూపించాడట. ఆ దొర చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి. వై. డార్లింగ్. 1859లో వెంకయ్య బాప్తిస్మం పొందాడు. అక్కడినుంచి కృష్ణా తీరపు మాలపల్లెల్లో కుటుంబాలకు కుటుంబాలు క్రైస్తవంలోకి వచ్చాయి. కథలో ఎంత చరిత్రో, ఎంత తరవాత చేరిందో వేరుచేయడం కష్టం. కాని దాని నడక గమనించదగ్గది. బోధకుడు వెంకయ్యను వెతుక్కుంటూ పోలేదు. వెంకయ్యే అప్పటికి ప్రార్థిస్తూ, అడుగుతూ తిరుగుతున్నాడు. డార్లింగ్ చేయాల్సింది విని జవాబు చెప్పడమే.

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం దాదాపు డెబ్భై కిలోమీటర్లు. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు లోడు వెనక బండి నెమ్మదిస్తుంది. వరి కోసిన చేలల్లో అప్పటికే మినుము మొలిచి పచ్చగా ఉంటుంది, కోతకు ముందే వరి మొదళ్లలో చల్లేస్తారు కాబట్టి. ఊళ్లు దాదాపు అన్నీ ఒకే పొందికలో ఉంటాయి. రోడ్డు వెంట దుకాణాలు, లోపల పెద్ద వీధులు, రామాలయం, చెరువు, ఆ తరవాత కొంచెం ఎడంగా పల్లె, అంటే దళితవాడ. డెల్టాలో చర్చి ఎక్కడుందో అడగక్కర్లేదు, పల్లెలోకి నడిస్తే కనిపిస్తుంది. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) గుడి ఒకటి, దానికి రెండు వీధుల అవతల బక్త్‌సింగ్ సహవాసం, రేకుల షెడ్డులో పెంతెకొస్తు మందిరం, ఒక్కోచోట బైబిల్ మిషను. ఒకే పల్లెలో నాలుగు సంఘాలుండటం వింత కాదు. కొత్త బృందం ఏ అయ్యగారి వెంట వచ్చిందన్నది మిగిలిన ముగ్గురూ కనిపెట్టే ఉంటారు.

సంఘాన్ని బట్టి ప్రార్థన రూపం మారుతుంది. సీఎస్ఐ వాళ్లది ఆరాధన క్రమం నేర్పిన నెమ్మది ప్రార్థన; మాటలు కుదురుగా, చివర ప్రభువు ప్రార్థన. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, కరాచీ వీధుల్లో బోధించి, 1941లో మద్రాసులో యెహోవా షమ్మా స్థాపించిన బక్త్‌సింగ్ అనుచరులు మోకరించి ప్రార్థిస్తారు. రోగికి పెద్దలు నూనె రాస్తారు. వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని పాడుతూ వీధుల్లో ఊరేగడం వాళ్ల కూడికల్లో పేరుపడ్డ భాగం. 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిల్ మిషనులో సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికి ప్రాధాన్యం. పెంతెకొస్తు వాళ్లు గొంతెత్తి, అందరూ ఒక్కసారిగా ప్రార్థిస్తారు. వీధిలో చివరి పద్ధతికే జనం ఎక్కువ చేరతారు. అయితే తన బాధను గుట్టుగా చెప్పుకున్న మనిషికి అది నలుగురిలో పెట్టినట్టూ అవుతుంది. కూతురి కాపురం చెడిందని ఒక తల్లి చెవిలో చెప్పిన మాట, గొంతెత్తిన ప్రార్థనలో వీధి చివరి ఇంటిదాకా వినిపిస్తే ఆమె మళ్లీ ఆ మందిరం ముందునుంచి నడవదు.

విదేశీ బృందం ఉంటే ఇంకో చిక్కు. అతిథి ఇంగ్లీషులో ఒక వాక్యం అంటాడు, అయ్యగారు దాన్ని తెలుగులో చెబుతారు. అతిథి ప్రార్థన చిన్నది, అయ్యగారి తెలుగు పెద్దది. రోగి పేరు, ఊరు, మనవడి పేరు, మొన్న చనిపోయిన గేదె, అన్నీ అయ్యగారే కలుపుతారు, ఆయనకు తెలుసు కాబట్టి. ఆ ఇంటివాళ్లు కళ్లు మూసుకుని వినేది ఆయన మాటలే. తెల్లవాళ్ల రాకతో జనం చేరతారు, పిల్లలు వెంటపడతారు, అరుగు మీద కుర్చీ వేస్తారు. పని మాత్రం పక్కన నిలబడ్డ ఆ ఒక్క మనిషి మీదనే జరుగుతుంది.

పల్లెలో ప్రార్థనకు సరైన వేళ సాయంత్రం ఆరు దాటాక. కూలికి వెళ్లిన ఆడవాళ్లు వచ్చి, కాళ్లు కడుక్కుని, పొయ్యి వెలిగించే ముందు కాస్త కూర్చునే సమయం. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తారు, టీ పెడతామంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఎవరింట్లో నీళ్లు తాగారు, ఎవరింట్లో తాగలేదు అన్న లెక్క ఈ పల్లెల్లో తరాలుగా నడిచింది. బయటినుంచి వచ్చిన మనిషి అదే గ్లాసుతో తాగడం, మాట్లాడిన ఏ మాటకంటే ముందుగా గుర్తుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పల్లెలు క్రైస్తవం వైపు తిరగడానికి బోధ ఎంత కారణమో, గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్న మనిషి అంత కారణం. మిషను బడులూ, కరువు రోజుల సాయమూ ఆ తరవాతి మాట.

మచిలీపట్నం, అంటే బందరు, డెల్టా సువార్త కథకు పుట్టిల్లు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో ఇక్కడికి వచ్చారు. ఇద్దరి దారులూ పూర్తిగా వేరు. నోబుల్ 1843లో బడి పెట్టి, అగ్రవర్ణాల పిల్లలకు ఇంగ్లీషు, బైబిలు చెబుతూ 1865లో చనిపోయేదాకా బందరు విడవలేదు. నేటి నోబుల్ కాలేజీ ఆ బడి వారసురాలే. ఫాక్స్ తెలుగు నేర్చుకుని ఊళ్లు పట్టుకు తిరిగాడు. సంతల్లో, తిరునాళ్లలో నిలబడి బోధించాడు, పుస్తకాలు పంచాడు. భార్య పోయింది, ఆరోగ్యం పోయింది, 1848లో ముప్పై ఒకటో ఏట ఇంగ్లండులో కన్నుమూశాడు. వీధి బోధకుడిగా అతని చేతికి వచ్చిన ఫలం చాలా స్వల్పం. నోబుల్ బడిలోనే 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందితే ఊరు అట్టుడికింది, పిల్లలను తల్లిదండ్రులు మాన్పించేశారు. బోధించే పాదచారికి దక్కనిది కదలకుండా కూర్చున్న పంతులుకు దక్కిందన్నమాట. అయితే డెల్టా క్రైస్తవం చివరికి వీళ్లిద్దరి దారిలోనూ పెరగలేదు. వెంకయ్య వంటివాళ్లు తమ బంధువుల ఇళ్లకు వెళ్లి చెప్పుకున్న దారిలో పెరిగింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ దాదాపు ముప్పైవేల మందిని తీసుకుపోయింది. ఆ తీరంలో సముద్రం మీదికి వెళ్లేవాళ్ల కోసం ప్రార్థన అడగని ఇల్లు నేటికీ లేదు. మంగినపూడి వైపు మత్స్యకార వాడల్లో పడవ దించేముందు గంగమ్మకు దండం పెట్టే ఇళ్లూ, మందిరంలో అయ్యగారితో ప్రార్థన చేయించుకునే ఇళ్లూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ చేసే ఇళ్లూ ఉంటాయి.

వీధి సువార్తను వృత్తి బోధకుల చేతి నుంచి సామాన్య సంఘస్తుల చేతికి మార్చిన మనిషి వి. ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. భారతీయులే భారతీయులకు సువార్త చెప్పాలని 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలో ముఖ్యుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. తరవాత కృష్ణా డెల్టా సంఘాలు కూడా ఆయన దోర్నకల్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తలమీద తామే చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు మాటలతో ఒట్టు పెట్టించేవాడు. ఏటా సాక్ష్యపు వారం నడిపించాడు. చదువురాని కూలీలు, ఆడవాళ్లు, కొత్తగా సంఘంలో చేరినవాళ్లు జట్లుగా పొరుగూళ్లకు వెళ్లి పాడి, తమకు జరిగింది చెప్పి వచ్చేవారు. ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీల పని అంతకుముందునుంచే ఉంది. నేడు యాత్రా బృందాలు చేసేదానికి తెలుగునాట ఉన్న పాత మాదిరి ఇదే. తేడా ఏమిటంటే, సాక్ష్యపు వారంలో తిరిగినవాడు పక్క ఊరివాడు. వాడి తాగుడు మానిందో లేదో విన్నవాళ్లు మర్నాడే వెళ్లి చూసుకోవచ్చు.

అజరయ్యకు గాంధీకి మధ్య 1930లలో మతమార్పిడి మీదే గట్టి వాదం నడిచింది. దళితుల బాధను మతమార్పిడికి అవకాశంగా వాడుకోవడం తగదని గాంధీ. కులం తీసేసిన మనిషితనాన్ని వాళ్లే కోరి తెచ్చుకుంటున్నారని అజరయ్య. పరుల కోసం ప్రార్థించడం మీద గాంధీ అంతకుముందు 1928లోనే తన మాట చెప్పాడు. ఎదుటివాడు నా మతంలోకి రావాలని లోపల కోరుకుంటూ ప్రార్థించడం సరికాదు, హిందువు మంచి హిందువు కావాలని, ముస్లిం మంచి ముస్లిం కావాలని, క్రైస్తవుడు మంచి క్రైస్తవుడు కావాలని కోరాలన్నది దాని సారం. వీధి సువార్తకు వచ్చినవాళ్లు దీన్ని ఒప్పుకోరు, ఒప్పుకుంటే రావాల్సిన పనే లేదు. కాని ఆటో ఇంజను కోసం ప్రార్థించి, ఇంకేమీ అడగకుండా గుమ్మం దిగి వచ్చే ప్రతిసారీ వాళ్లు చేసేది గాంధీ చెప్పినదానికి చాలా దగ్గరగా ఉంటుంది.

చట్టం ఏం చెబుతుందో బృందంలో అందరికీ తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు కలిసి లేదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు 1977 జనవరిలో తీర్పు చెప్పింది. తిరుమల మొదలైన క్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది. పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీయుడు మతప్రచారం చేయడం వీసా నిబంధనలకు విరుద్ధం, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. మైకుకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి పది దాటాక మోగకూడదు. రోగాలు మహిమతో నయమవుతాయని ప్రకటించే పోస్టర్లకు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అడ్డం పడుతుంది. ప్రార్థించడం తప్పు కాదు, ఫలానా రోగం ఖాయంగా పోతుందని చాటడం తప్పు. టీబీ మందులు వాడుతున్న మనిషి ప్రార్థన జరిగిందని మాత్రలు మానేస్తే ప్రాణానికే ముప్పు. అందుకే మంచి అయ్యగార్లు ప్రార్థన ముగించగానే “మందులు మానకమ్మా” అని తప్పక అంటారు.

అన్నిటికంటే సున్నితమైనది పేరు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వెళ్లినవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీగా లెక్కిస్తారు. ప్రతి ఆదివారం మందిరానికి వెళ్లే ఎన్నో ఇళ్లు కాగితాల్లో హిందువులుగానే ఉండటానికి పిల్లల చదువు, ఉద్యోగం, పంచాయతీ సీటు కారణం. ఇది డెల్టాలో అందరికీ తెలిసిన గుట్టు. జనాభా లెక్కల్లో 2011 నాటి ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేకపోవడం, పల్లెపల్లెకు నాలుగు మందిరాలుండటం, రెండూ ఒకచోట కుదరడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ సంగతి తెలియని బృందం సభ్యుడు నోటుబుక్కు తీసి పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు రాసుకుంటాడు, ప్రార్థిస్తుండగా ఫొటో తీసి పెట్టుకుంటాడు. అతనికి అది ప్రార్థన జాబితా. ఆ ఇంటికి అది రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియని కాగితం. ప్రార్థించడానికి పిలుపు పేరు చాలు. ఇంటిపేరు, ఫొటో అక్కర్లేదు.

పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళితే యాత్ర మరో రంగు తీసుకుంటుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో పదివేల మందికి పైగా పోయారు. తరవాత రామకృష్ణ మిషను వచ్చింది, మదర్ థెరీసా వచ్చారు, కాసా వంటి చర్చి సహాయ సంస్థలు వచ్చాయి, ఎన్నో పక్షాల వాళ్లు, వ్యాపారులు, విద్యార్థులు వచ్చి శవాలు తీశారు, ఇళ్లు కట్టారు. అప్పుడు పిల్లలుగా ఉండి మిగిలినవాళ్లు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. వాళ్ల దగ్గర కూర్చుంటే ప్రార్థన కంటే ముందు ఆ రాత్రి కథ వినాలి, అది అరగంటలో తెమలదు. తొందరపడే బృందం ఇక్కడ ఒక పూటలో రెండిళ్లకు మించి తిరగలేదు. తిరిగిందంటే వినలేదని అర్థం. సాయం చేసిన చేయి ఏ మతానిదని ఆ పెద్దలు అంతగా పట్టించుకోరు. ఇల్లు కట్టించినందుకు ఏదైనా అడిగినవాళ్లెవరో, అడగనివాళ్లెవరో మాత్రం పేరుపేరునా చెబుతారు.

బృందం తిరిగి రైలెక్కాక మిగిలే పని స్థానికులది. ప్రార్థన అడిగిన ఇళ్లలో కొన్నిటికి అయ్యగారు, ఎక్కువ వాటికి ఆయన భార్య, అంటే అమ్మగారు, మళ్లీ వెళతారు. జ్వరం తగ్గిందా, సంబంధం కుదిరిందా అని అడుగుతారు. కొన్ని ఇళ్లలో గృహ కూడిక పెట్టుకుంటారు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒకరిద్దరు రావడం మొదలవుతుంది. చాలా ఇళ్లలో ఏమీ జరగదు. ఎదురుపడితే వందనాలని పలకరించుకునే పరిచయం మాత్రం నిలుస్తుంది. అమ్మగారు వెళ్లే ఇళ్ల వరసలో ఇంతకుముందు తలుపు వేసుకున్నవీ ఉంటాయి. ఆ ఇళ్లలో జబ్బు చేసినప్పుడు కబురు ఆమెకే వస్తుంది. బృందం పేరు అప్పటికి ఎవరికీ గుర్తుండదు.